బాల్కనీలో గుట్టుగా కంపోస్టు చేయాలి, అపార్టుమెంటు నిబంధనలేమో కఠినం. దారి చెప్పండి

గడియారం సెంటర్ (నల్లగొండ)

అందరికీ నమస్కారం. నల్లగొండలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాం. ఇంట్లో నలుగురం. కూరగాయల తరుగు, పండ్ల తొక్కలు, టీ పొడి కలిసి రోజూ ఒక గిన్నెడు తడి చెత్త తేలుతుంది. బాల్కనీలో మల్లె, కరివేపాకు, పుదీనా కుండీలు పెట్టుకున్నాను. వాటికి ఎరువు సంచి డబ్బు పెట్టి కొంటూ, ఎరువయ్యే సరుకునే పొద్దున్నే చెత్త బండికి ఎత్తడం నాకు మింగుడుపడటం లేదు.

చిక్కంతా మా సంఘం నిబంధనలతోనే. వరండాలో, మెట్ల దగ్గర, మేడ మీద ఎవరూ డబ్బాలు పెట్టకూడదు. దుర్వాసన వచ్చే వస్తువులు బాల్కనీలో కనిపిస్తే జరిమానా. మేడకు ఎప్పుడూ తాళమే. కోతుల బెడద చూస్తే తాళం సబబే అనిపిస్తుంది. ఇక నాకు మిగిలింది వంటగది వెనక గిన్నెలు తోముకునే చిన్న బాల్కనీ. అక్కడ నిలబడి చేయి చాపితే పక్క ఫ్లాటు వారి బట్టల దండెం అందుతుంది.

వాసన, పురుగు లేకుండా అంత చోటులో కంపోస్టు సాధ్యమా? ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టడం సబబేనా? రెండింటికీ జవాబు కావాలి.

కానుగ నీడ (మహబూబ్‌నగర్)

సాధ్యమే అమ్మా. వాసన రాకుండా చేస్తే గుట్టు దానంతట అదే నిలుస్తుంది. వాసన వచ్చిందంటే డబ్బాను ఎంత మూలన దాచినా లాభం లేదు. అందుకని దాచే చోటు కంటే ముందు పొడి సరుకు సంగతి చూసుకోండి. ఒక గోనె సంచి నిండా ఎండుటాకులు ఇంట్లోకి చేరాకే మొదటి తొక్క బకెట్టులో పడాలి. చాలామంది బకెట్టుతో మొదలుపెట్టి ఆకుల కోసం తర్వాత వెతుక్కుంటారు. అప్పటికే లోపల ముద్దయిపోయి ఉంటుంది.

పెయింటు వేసేవారి దగ్గర 20 లీటర్ల ఖాళీ బకెట్లు దొరుకుతాయి. మూడు తెచ్చుకోండి, ఒకటి నిండాక ఇంకొకటి మొదలుపెట్టవచ్చు. కాల్చిన మేకుతో పక్కల చుట్టూ, మూత మీద రంధ్రాలు చేయండి. అడుగున కూడా నాలుగైదు. కింద ఒక పాత పళ్లెం. అడుగున నాలుగు వేళ్ల మందం కొబ్బరి పీచు పరచండి. ఆ రోజు తరుగును వేలి కణుపంత ముక్కలుగా కోసి, చిల్లుల గిన్నెలో నీళ్లు వడకట్టి, అప్పుడు వేయండి. ఒక గిన్నె తరుగుకు ఒకటిన్నర, రెండు గిన్నెల ఎండుటాకులు నలిపి కలపాలి. చివరగా తడి ఏ మాత్రం కనిపించకుండా పైన ఇంకో పిడికెడు పొడి చల్లి మూత పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి కదపండి.

ఇంత పొడి ఎందుకంటే, సూక్ష్మజీవులకు కార్బన్, నత్రజని దాదాపు 30:1 పాళ్లలో ఉంటే పని సాఫీగా సాగుతుంది. కూరగాయల తరుగులో అది 15, 20 దగ్గరే ఉంటుంది. ఎండుటాకుల్లో 50కి పైనే. రెండూ కలిస్తేనే లెక్క కుదురుతుంది. నత్రజని ఎక్కువైతే ముక్కు అదిరే అమ్మోనియా ఘాటు వస్తుంది. గాలి ఆడకపోతే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మొదటిదానికి ఆకులు కలపాలి. రెండోదానికి ఆకులు కలపడంతో పాటు మొత్తం తిరగేయాలి.

తేమ చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య చెమ్మ తగలాలి, చుక్క మాత్రం రాలకూడదు.

ఊకబస్తా (మిర్యాలగూడ)

మా వైపు ఆకుల కంటే ఊక తేలిగ్గా దొరుకుతుంది. ఊరి చుట్టూ రైస్ మిల్లులే. అయితే ఊక ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అందులో సిలికా ఎక్కువ, నెలల తరబడి కుళ్లదు. తయారైన ఎరువులో గింజ పొట్టు అలాగే మెరుస్తూ కనిపిస్తుంది. ముద్ద కట్టకుండా గాలి ఆడనివ్వడంలో మాత్రం దానికి సాటి లేదు. మూడు వంతుల ఆకులకు ఒక వంతు ఊక కలిపితే చక్కగా ఉంటుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. మిల్లుల్లో బాయిలర్ దగ్గర రెండు రకాలు దొరుకుతాయి. సగం కాలి నల్లగా మిగిలిన ఊక ఒకటి, పూర్తిగా కాలిన తెల్లటి బూడిద ఇంకొకటి. నల్ల ఊక వాసనను పీల్చుకుంటుంది, పైన పొరగా చల్లడానికి చాలా మంచిది. బూడిద మాత్రం గుప్పిళ్ల కొద్దీ వేయవద్దు. అది క్షారం. తడి తరుగు మీద పడితే లోపలి నత్రజని అమ్మోనియాగా బయటికి వస్తుంది. వాసన పోతుందని బూడిద చల్లితే అదే వాసనకు దారి తీస్తుంది.

సంఘం కార్యదర్శి (మహబూబ్‌నగర్)

నేను ఒక అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని. అవతలి పక్షం మాట కూడా ఒకసారి వినండి.

ఈ నిబంధనలు ఎవరి మీదా కోపంతో పుట్టినవి కావు. మా దగ్గర ఒకరు మేడ మీద మూత లేని డ్రమ్ములో చెత్త మగ్గబెట్టారు. దాంట్లోంచి కారిన నీరు గోడ వెంట రెండు అంతస్తులు దిగి, కింది వారి సున్నం గోడ మీద గోధుమ రంగు చారలు కట్టింది. కోతులు డ్రమ్మును దొర్లించి అరటి తొక్కలు ట్యాంకు మూత మీద వదిలివెళ్లాయి. పందికొక్కులు వచ్చాయి. ఆ ఇంటివారు ఊళ్లో లేరు. శుభ్రం చేసింది వాచ్‌మన్ భార్య. ఆ నెల సమావేశంలోనే నిషేధం రాసుకున్నాం.

గుట్టుగా చేస్తే నాలాంటివారికి తెలియదు, నిజమే. తెలిసిన రోజున మాత్రం మీరు ఎంత శుభ్రంగా చేసినా ఎవరూ వినిపించుకోరు, ఇన్నాళ్లూ దాచారన్న మాటే మిగులుతుంది. చెప్పి చేయండి.

బాల్కనీ పుదీనా (నల్లగొండ)

కార్యదర్శి గారూ, మీ బాధ న్యాయమే. కానీ చెప్పగానే వద్దనే సంఘాలే ఎక్కువ. కంపోస్టు మాట ఎత్తగానే అందరి కళ్లకూ మూత లేని ఆ డ్రమ్మే కనబడుతుంది. చూపించడానికి చేతిలో తయారైన ఎరువు ఉంటే మాటకు బలం ఉంటుంది. ఒక బకెట్టు పూర్తయ్యేదాకా ఇంటి లోపలే చేసుకుని, తర్వాత చెప్పమంటాను. తన ఇంటి నాలుగు గోడల మధ్య, ఎవరికీ ఇబ్బంది లేకుండా చేసుకునే పనికి ముందస్తు అనుమతి అక్కరలేదు.

న్యాయ విద్యార్థి (వనపర్తి)

చట్టం ఎక్కడ నిలబడుతుందో చెప్తాను. 2016 ఏప్రిల్ 8న కేంద్రం ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. తడి, పొడి, ప్రమాదకర గృహ వ్యర్థాలను ఇంట్లోనే విడదీయాలని అవి చెప్పాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చాలన్నాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం విడదీయవలసినవి నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి.

కాబట్టి కంపోస్టు చేయడమే తప్పు అని ఏ సంఘమూ అనడానికి వీల్లేదు. అలాగని ఆ నిబంధనలు చూపించి, వరండాలో డబ్బా పెట్టుకునే హక్కు నాకుందని మీరూ అనలేరు. వరండా, మెట్లు, మేడ అందరి ఉమ్మడి ఆస్తి. అక్కడ సంఘం మాటే చెల్లుతుంది. మీ ఫ్లాటులో భాగమైన బాల్కనీ విషయంలో సంఘం అడగగలిగేది పక్కవారికి ఇబ్బంది ఉందా లేదా అన్నదే. మీ సంఘం బైలాల ప్రతి తీసుకుని చదవండి. నోటీసు బోర్డు మీద కనిపించేవన్నీ బైలాల్లో ఉండకపోవచ్చు. సర్వసభ్య సమావేశంలో ఆమోదించారో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

గడియారం సెంటర్ (నల్లగొండ)

చాలా మేలు చేశారు. బైలాల ప్రతి అడుగుతాను.

ఇంకో సందేహం. మా ఇంట్లో బత్తాయిలు బాగా తింటాం, రసం తీసిన రోజున తొక్కలే సగం గిన్నె ఉంటాయి. అవి వేయవచ్చా? మిగిలిపోయిన కూరలు, గుడ్డు పెంకుల సంగతి? వానపాములు పెట్టుకుంటే త్వరగా అవుతుందని ఒకరన్నారు, నిజమేనా?

బత్తాయి తోట (హాలియా దగ్గర)

బత్తాయి తొక్క ఎరువు కాదని ఎవరన్నా నమ్మవద్దు. మా తోటలో రాలిన కాయలన్నీ పెంటలోనే కలుస్తాయి. కాకపోతే తొక్కలో ఉండే నూనె సూక్ష్మజీవులను మొదట్లో కాస్త ఆపుతుంది, అందుకని తాజాగా కుప్పగా వేయకూడదు. సన్నగా చీల్చి పాత చాట మీద పరచి కిటికీలో ఒక రోజు పెట్టండి. మన ఎండకు వేలితో విరిస్తే టప్పున విరిగేంత ఎండిపోతాయి. అప్పుడు నలిపి, పొడి సరుకుతో పాటే వాడుకోవచ్చు. ఇల్లు కూడా మంచి వాసన వస్తుంది. ఒకవేళ బకెట్టులో తొక్క మీద ఆకుపచ్చ బూజు కనిపిస్తే కంగారుపడవద్దు, అది కూడా తన పని చేసుకుపోతుంది. మూత తీసినప్పుడు మొహం మరీ దగ్గర పెట్టకుండా ఉంటే చాలు.

కానుగ నీడ (మహబూబ్‌నగర్)

గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి వేయండి. పెరుగు, నూనె, కూరల మిగులు, మాంసం, ఎముకలు బకెట్టులోకి రానివ్వవద్దు. పెద్ద కుప్ప లోపల 55, 60 డిగ్రీల వేడి పుడుతుంది, అక్కడ రోగక్రిములు చస్తాయి. చిన్న బకెట్టులో అంత వేడి నిలవదు. పిల్లి, ఎలుక వాసన పట్టేది కూడా వీటినే.

వానపాములు మీ బాల్కనీకి వద్దు. ఎరువుకు వాడే ఐసీనియా ఫెటిడా 35 డిగ్రీలు దాటితే నిలవదు. మేలో నల్లగొండ ఎండ 44, 45 దాకా పోతుంది. పడమటి ఎండ తగిలే ప్లాస్టిక్ బకెట్టులో అవి ఒక్క మధ్యాహ్నం బతకవు. చచ్చిన పాముల వాసన ఏ మూతా ఆపలేదు.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. సరుకు మరీ ఎండిపోయి పని ఆగిపోతుంది. అప్పుడు వాసన ఉండదు గాని ఎరువూ కాదు. బియ్యం కడిగిన నీళ్లు గ్లాసుడు చల్లి కలపండి. వానాకాలంలో దీనికి సరిగ్గా తలకిందులు. ఆకుల సంచిని జూన్ లోపే నింపి పైకి కట్టుకోండి, తడిసిన ఆకులు దేనికీ పనికిరావు.

పల్లీ పొట్టు (జడ్చర్ల)

పురుగుల గురించి ఎవరూ చెప్పలేదు. గుట్టు బయటపడేది అక్కడే, వివరంగా రాస్తాను.

మొదట కనిపించేవి చిన్న పండు ఈగలు. తరుగును పైన పొరగా వదిలేయకుండా రెండు వేళ్ల లోతున పూడ్చి, పొడి కప్పితే తగ్గుతాయి. అరటి, మామిడి తొక్కల మీదే వాటి గుడ్లు వస్తాయి కాబట్టి ఆ తొక్కలను లోతుకు పంపండి.

అసలు కంగారుపెట్టేవి రెండో రకం. వేలి గోరులో సగం వెడల్పు, మట్టి రంగు, ఒళ్లంతా కణుపులు, చదునుగా, గట్టి తోలుతో ఉంటాయి. రాత్రి లైటు వేస్తే బకెట్టు గోడ వెంట పైకి పాకుతూ కనిపిస్తాయి. ఇవి నల్ల సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు. కుట్టవు, కరవవు. వాటి పెద్ద ఈగ ఇంట్లో అన్నం మీద వాలే రకం కాదు. తడి సరుకును ఎంత వేగంగా తింటాయంటే మరునాటికి బకెట్టులో మట్టం దిగిపోతుంది. చంపవలసిన పని లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, బాగా ఎదిగాక పొడి చోటు వెతుక్కుంటూ బకెట్టు వదిలి బయటికి నడుస్తాయి. మీ బాల్కనీ దాటి పక్కవారి దండెం కిందికి చేరాయంటే మీ మీదికి ఫిర్యాదు వచ్చినట్టే. మూత కింద పాత నూలు చీర ముక్క పరచి, అంచు చుట్టూ రబ్బరు తాడు బిగించండి. పక్క రంధ్రాలకు లోపలి నుంచి దోమతెర అతికించండి. ఆ పురుగులు ఎక్కువయ్యాయంటే తడి ఎక్కువైందని గుర్తు. ఇంకో నాలుగు గుప్పిళ్లు పొడి కలిపితే తగ్గిపోతాయి.

మాకు బాదేపల్లి మార్కెట్ దగ్గర్లోనే ఉంది, పల్లీ పొట్టుకు కొదవ లేదు. పప్పు గుత్తితో నలిపి వాడతాను. నలపకపోతే ఏడాదైనా అలాగే ఉంటుంది.

తాళం వేసిన మూత (సూర్యాపేట)

ఆ చిన్న బాల్కనీ కూడా లేనివారి కోసం రాస్తున్నాను. బొకాషీ అనే జపాన్ పద్ధతి ఉంది. గాలి చొరని మూత, అడుగున కుళాయి ఉన్న బకెట్టు కావాలి. తవుడు, బెల్లం, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు కలిపి ఎండబెట్టిన పొడిని పొరపొరకూ చల్లి, తరుగును గట్టిగా అదిమి మూత బిగిస్తారు. నిండాక రెండు వారాలు కదపకుండా ఉంచాలి. మూత తీసినప్పుడు పుల్లని వాసన తప్ప ఇంకేమీ రాదు. వంటగది గట్టు కిందే పెట్టుకోవచ్చు. కూరల మిగులు కూడా ఇందులో పడుతుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. కుళాయి నుంచి రెండు మూడు రోజులకోసారి ఊట తీసేయాలి. మొక్కలకు పోయాలంటే వంద వంతుల నీళ్లు కలపాలి. రెండోది, అక్కడితో ఎరువు తయారైనట్టు కాదు. రెట్టింపు మట్టితో పెద్ద కుండీలో కలిపి నెల రోజులు వదిలేయాలి. ఆ కుండీకి, ఆ మట్టికి చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

మెట్టచేను (దేవరకొండ)

నా వయసు వారికి ఈ చర్చ చదువుతుంటే మనసు కదులుతుంది. మా చిన్నతనంలో చెత్త బుట్ట అనేదే లేదు. బియ్యం కడిగిన నీళ్లు, తరుగు, గంజి అన్నీ కుడితి గోలెంలో పడేవి, బర్రె తాగేది. ఊడ్చినది, పేడ, బూడిద పెంటకుప్పకు చేరేవి. తొలకరికి ముందు బండ్ల మీద చేనుకు తోలేవాళ్లం. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంటికి అంత గౌరవం.

మన చల్కా నేలల సంగతి మీకు తెలుసు. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, పోసిన నీరు పోసినట్టే దిగిపోతుంది. పెంట పడిన చోట మాత్రం తేమ నిలుస్తుంది. అందుకే అపార్టుమెంటులో ఉన్నవారు ఎరువు ఎక్కువైందని పారేయకండి. ఊళ్లో చెలక ఉన్న చుట్టాలకు ఒక సంచి పంపండి. నిమ్మ చెట్టు పాదులో వేసినా చాలు. వద్దనే రైతు లేడు.

స్లాబు లెక్క (నల్లగొండ)

నేను నిర్మాణ రంగంలో పనిచేస్తాను. మేడ మీద వద్దనడానికి సంఘాలు బరువును కారణంగా చెప్తుంటాయి, అందుకని ఒక లెక్క. మనుషులు తిరిగే మేడకు భారత ప్రమాణాల ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. నిండిన 20 లీటర్ల బకెట్టు ఒకటి 12 నుంచి 15 కిలోలు తూగుతుంది. మూడు బకెట్ల వల్ల బాల్కనీకి ఏమీ కాదు. నీరు కారి స్లాబులోకి ఇంకితే మాత్రం లోపలి ఇనుము తుప్పు పడుతుంది. కింద పళ్లెం తప్పనిసరి.

గడియారం సెంటర్ (నల్లగొండ)

అన్నీ ఒకటికి రెండుసార్లు చదివాను. నా నిర్ణయం చెప్తాను. గుట్టుగా మొదలుపెట్టాలన్న ఆలోచన సగం మార్చుకుంటున్నాను. సంఘానికి ఇప్పుడే రాయను. కానీ దండెం ఉన్న పక్కింటి అక్కకు మాత్రం మొదటి రోజే చెప్తాను. వాసన వచ్చినా, పురుగు కనిపించినా ముందు నాకే చెప్పమని అడుగుతాను. ఆమెకు తెలియకుండా ఆమె బట్టల పక్కన ఈ పని చేయడం నాకు ఇష్టం లేదు. మొదటి బకెట్టు ఎరువయ్యాక కార్యదర్శికి రాతపూర్వకంగా ఇస్తాను.

సంఘం కార్యదర్శి (మహబూబ్‌నగర్)

మంచి పని. పక్కింటివారు ఒప్పుకుంటే సగం దారి దాటినట్టే. ఉత్తరంలో మూడు మాటలు రాయండి: ఎన్ని బకెట్లు ఎక్కడ ఉంటాయి, మీరు ఊరికి వెళ్తే చూసేదెవరు, ఫిర్యాదు వస్తే ఎన్ని గంటల్లో తీసేస్తారు. మూడోదానికి జవాబు ఉంటే నాలాంటివాడు సంతకం పెట్టడానికి వెనకాడడు. ఉత్తరంతో పాటు గుప్పెడు ఎరువు కాగితంలో కట్టి తీసుకెళ్లండి. వాసన చూశాక వాదించేవారు తగ్గుతారు. మా సమావేశంలో నేనూ ఈ విషయం పెడతాను. ఉమ్మడిగా చేయడానికి మా కింది పార్కింగు పక్కన గోడ మూల ఒకటి ఖాళీగానే ఉంది.

బాల్కనీ పుదీనా (నల్లగొండ)

ఎరువు అయిందో లేదో ఎలా తెలుస్తుందో కూడా చెప్పండి. పచ్చిది పట్టుకెళ్తే మొత్తం చెడుతుంది.

కానుగ నీడ (మహబూబ్‌నగర్)

ముదురు గోధుమ రంగు, పొడిపొడిగా రాలడం, చేతికి వేడి తగలకపోవడం మొదటి గుర్తులు. గుప్పెడు తీసి కాస్త తడిపి ప్లాస్టిక్ సంచిలో కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు తొలకరి మట్టి వాసన రావాలి. పుల్లగా, ఘాటుగా ఉంటే ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. ఆ తర్వాత చిన్న కప్పులో సగం ఎరువు, సగం మట్టి వేసి మెంతులు చల్లండి. ఉత్త మట్టిలో మొలిచినట్టే ఇందులోనూ మొలిస్తే కుండీకి వేయవచ్చు. మొలక తల వాల్చినా, మొన ఎర్రబడినా పచ్చిగా ఉన్నట్టే. ఎండాకాలంలో రెండు నెలలకు, వాన, చలి రోజుల్లో మూడు నెలలకు తయారవుతుంది. తొందరపడవద్దు.

గడియారం సెంటర్ (నల్లగొండ)

చివరి ప్రశ్న. బతుకమ్మ పండుగకు ఇంట్లో గునుగు, తంగేడు, బంతి బోలెడు మిగులుతాయి. రోజూ దేవుడికి పెట్టిన పూలు కూడా ఉంటాయి. వాటిని బకెట్టులో వేయవచ్చా?

పల్లీ పొట్టు (జడ్చర్ల)

రోజువారీ పూజ పూలు వేయండి. దండ అయితే దారం లాగేసి వేయాలి, ఈ మధ్య దారాలన్నీ ప్లాస్టిక్‌వే వస్తున్నాయి. బంతి, తంగేడు రేకులు నాలుగు రోజుల్లో కనిపించకుండా పోతాయి. తంగేడు కాడలు చిన్నగా విరిచి వేయండి. గునుగు తెల్లగా ఉన్నది వేయవచ్చు. రంగు నీళ్లలో ముంచినది మాత్రం పక్కన పెట్టండి, ఆ రంగులో ఏముందో మనకు తెలియదు, రేపు అదే ఎరువు పుదీనాకు వేస్తాం. గునుగు గింజ సన్నగా ఉండి కుండీల్లో మొలుస్తుంది కాబట్టి ముదిరిన కంకులు వద్దు.